ఆఫీసరు కుడికన్ను

జూన్ 4, ఆదివారం

ఆఫీసరు కుడికంట్లో తెల్లటి గీత. ముందు పాప చూసింది. నల్లగుడ్డు అంచున, కత్తిరించి పడేసిన గోటిముక్కంత ఉంది.

పదేళ్ళ తర్వాత చదువుకుని ఎవరీ ఆఫీసరు అనుకుంటానేమో, రాసిపెడుతున్నాను. మా గినీ పిగ్. పాప కోసం తెచ్చాం. పది రోజులకే దానికి మోజు తీరిపోయి, వాడి ఆలనాపాలనా అంతా మా అత్తయ్యగారి మీద పడింది. పేరు పెట్టింది కూడా ఆవిడే. కూర్చున్నచోటి నుంచి కదలడు. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే మాత్రం ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. చేసే పనేమీ లేకపోయినా మొహంలో తీరిక ఉండదు. అత్తయ్యగారి ఒడిలో తప్ప నిద్రపోడు.

మా ఆవిడ డాక్టరుకి చూపిద్దామంది. నేనుండగా డాక్టరెందుకు అన్నాను. పంతొమ్మిదేళ్ళుగా కళ్ళజోళ్ళ షాపులో రోజుకి ముప్ఫై జతల కళ్ళు పరీక్ష చేస్తున్నాను. పెన్ టార్చి తెచ్చి, వాణ్ణి తువ్వాల్లో చుట్టి, అటూ ఇటూ తిప్పి చూశాను. శుక్లం అని తేల్చేశాను. వయసు మీదపడితే మనుషులకి రావట్లేదా, వీడికీ అంతే.

అత్తయ్యగారికి పోయినేడు శుక్లం ఆపరేషనైంది. ఇంత చిన్న కంటికి కూడా తీస్తారా బాబూ అని అడిగారు. అవసరం లేదన్నాను. ఇంకెవరూ ఏమీ అడగలేదు. కళ్ళ విషయంలో ఇంట్లో నా మాటే చివరి మాట. అది నాకు ఎంతో బాగుంటుంది.

జూన్ 14

కన్ను ఎర్రబడింది. నీరు కారుతోంది. మా ఆవిడ మళ్ళీ డాక్టరు పాట మొదలుపెట్టింది. ఎండుగడ్డి దుమ్ము పడుంటుంది, కాచి చల్లార్చిన నీళ్ళతో తుడిస్తే పోతుందన్నాను. ఆవిడ నీళ్ళు పొయ్యి మీద పెట్టింది.

జూన్ 18

ఎరుపు తగ్గింది. నేను చెప్పానా!

జూన్ 19

క్యాప్సికం సగం తిన్నాడు. షాపులో ఒకాయన నన్ను డాక్టరుగారూ అన్నాడు. దిద్దలేదు.

జూన్ 28

వారం పైనే అయింది రాసి. రాయడానికేమీ లేదు.

జూలై 3, ఉదయం

కన్ను బూడిదరంగులోకి తిరిగింది. రెప్ప మూతపడనంత ఉబ్బింది. వాడు గూట్లో మూలకి తలపెట్టి కూర్చున్నాడు. ఫ్రిజ్ తలుపు తీసినా అరవలేదు.

మా ఆవిడ నన్ను అడగలేదు. సెలవు పెట్టేసింది. చిన్న జంతువుల డాక్టరెవరో కనుక్కుని ఫోన్ చేసి టైం తీసుకుంది. అందరం వెళ్తున్నాం.

జూలై 3, సాయంత్రం



డాక్టరు నాకంటే చిన్నది. మాటలు తక్కువ. వాణ్ణి స్టీలు బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను శుక్లమని చెప్పాను. కాదంది. ఆ తెల్ల గీత ఎముకట. కంటి లోపల ఎముక పెరుగుతోందట. వేళాకోళమాడుతోందేమో అనుకున్నాను. లేదు. ఈ జాతికి అరుదుగా వస్తుందట, చాలావాటికి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదట, హాయిగా బతికేస్తాయట. పంతొమ్మిదేళ్ళలో నేను కంట్లో ఎముక అన్న మాటే వినలేదు.

తర్వాత రంగు చుక్క వేసి నీలిలైటు పెట్టింది. ఆ పరీక్ష నాకు తెలుసు. గాయమున్న చోట పచ్చగా వెలుగుతుంది. వాడి కంటి మధ్యభాగమంతా వెలిగింది. పైపొర కరిగిపోతోందని అంది. ఎముకవల్ల లోపల ఒత్తిడి పెరిగితే పెరగొచ్చు గానీ, పైపొర ఇంత తొందరగా ఎందుకు కరిగిందో అంతుబట్టడం లేదంది. ఏమైనా చుక్కలు వేశారా అని అడిగింది.

లేదు అన్నాను. ఆమె మాట పూర్తికాకముందే అన్నాను. స్టెరాయిడ్ లాంటిదేమైనా అని మళ్ళీ అడిగింది. అసలేమీ వెయ్యలేదన్నాను. అంత ఠక్కున అబద్ధమాడగలనని నాకే తెలీదు.

పక్కనే ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అత్తయ్యగారు అప్పుడు నోరు విప్పారు. కిందటి నెల్లో గడ్డి మార్చానని, కొత్తది ముతకగా ఉందని, పుల్లేదో గుచ్చుకుని ఉంటుందని, తప్పంతా తనదేనని అన్నారు. అంటున్నంతసేపూ బుట్ట అంచు పీకుతూనే ఉన్నారు. డాక్టరు, కావచ్చు అంది.

నేను గోడ మీద కుక్కపళ్ళ బొమ్మ చూస్తూ కూర్చున్నాను.

కుడికన్ను తీసేయాలట. పైగా ఎడమకంట్లో కూడా సన్నటి తెల్ల దారం మొదలైంది. గడ్డిపుల్ల కాకపోతే, వీడిలో జబ్బే దుడుకుగా ఉందేమో, అలాగైతే రెండో కన్నూ ఇదే దారి పడుతుందంది. కిలో బరువు కూడా లేని ప్రాణానికి మత్తివ్వడమే ప్రమాదం. అంతా పడి తీరా మళ్ళీ ఇదే రావడమంటే... ఆలోచించుకుని చెప్పండి, వాడికి నొప్పి లేకుండా నిద్రపుచ్చడం కూడా ఒక దారే అంది.

జూలై 4, షాపులో, భోజనాల టైం

ఇక్కడ కూడా అబద్ధమే రాశాను. జూన్ 28న రాయడానికేమీ లేదన్నాను చూడు, అది.

జూన్ 15 నుంచి జూలై 2 దాకా వాడి కంట్లో చుక్కలు వేశాను. పొద్దున షాపుకి బయల్దేరేముందు ఒకసారి, సాయంత్రం రాగానే ఒకసారి. అత్తయ్యగారికి ఆపరేషనప్పుడు రాసిన స్టెరాయిడ్ చుక్కలు. ఆవిడ మందుల డబ్బాలో అడుగున మిగిలి ఉన్నాయి. తెరిచి ఎనిమిది నెలలైంది. వాణ్ణి బాత్రూంలోకి తీసుకెళ్ళి గడియ పెట్టి వేసేవాణ్ణి. ఎందుకు గడియ పెట్టానో ఇప్పుడు అర్థమవుతోంది. చెయ్యకూడదని తెలుసు కనక.

మొదటి మూడు రోజుల్లో ఎరుపు తగ్గింది. స్టెరాయిడ్ వేస్తే తగ్గుతుంది. లోపల గాయముంటే దాన్ని తినేస్తూ పైకి మాత్రం బాగైనట్టు చూపిస్తుంది. ఇది నాకు చదువుకునేటప్పుడు మొదటి ఏడాదే చెప్పారు. షాపులో నా కుర్చీ వెనక గోడమీద కాగితం కూడా అంటించాను, మిగిలిపోయిన కంటిచుక్కలు సొంతంగా వాడకండి అని. నా చేతిరాతే. ఈ పొద్దున ఒకావిడ వాళ్ళన్నయ్య చుక్కలు తను వేసుకోవచ్చా అని అడిగితే, ఆ కాగితం చూపించి ఐదు నిమిషాలు చీవాట్లు పెట్టాను. పాపం, బెదిరిపోయింది.

ఇరవై రోజులకి సరిపోతుందనుకున్న సీసా ముందే అయిపోయింది. లేకపోతే ఇంకా వేస్తూనే ఉండేవాణ్ణి.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. డాక్టరు ముందు ఒప్పుకోలేకపోయినందుకు ఒకెత్తు, ముసలావిడ నా ఎదురుగా ఆ తప్పు నెత్తిన వేసుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నందుకు పదెత్తులు.

జూలై 5

మా ఆవిడ నిద్రపుచ్చడానికే మొగ్గుతోంది. ఎడమకన్ను కూడా పోయేదే అయితే వాడికి రెండుసార్లు ఈ నరకమెందుకంటోంది. ఏడ్చింది. పాప కూడా ఏడ్చింది. మీకు కళ్ళ గురించి తెలుసు కదా, మీరేమంటారని నన్నడిగింది. మీ ఇష్టమన్నాను.

అత్తయ్యగారు మాత్రం ఇంకో రెండ్రోజులు ఆగుదామే అని, కూతురి మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు. మా ఆవిడ శుక్రవారానికి టైం తీసుకుంది. ఆపరేషన్‌కి కాదు.

వాడు చచ్చిపోతే అది గడ్డివల్లా కాదు, ఎముకవల్లా కాదు. నా నోరు పెగలక చచ్చిపోతాడు.

జూలై 6, రాత్రి

చేశాను. పరీక్షగదిలోకి వెళ్ళి తలుపేసుకుని డాక్టరుకి ఫోన్ చేశాను. ఎదురుగా అద్దంలో అక్షరాల బోర్డు కనిపిస్తోంది. పైనుంచి కింది వరసదాకా చదువుతూ మాట్లాడాను. 

ఆమె తిట్టలేదు. చుక్కల పేరు, రోజుకెన్నిసార్లు, ఎన్నాళ్ళు, అని వరసగా అడిగింది. రెండుసార్లకే ఇంత పాడైందా అని తనలో తను అనుకుంది. అయితే జబ్బు దుడుకుది కాదు, ఎడమకంటికి వచ్చిన భయమేమీ లేదు, ఆ ఎముకతో వాడు ఏళ్ళు బతుకుతాడు, శుక్రవారం ఆపరేషన్ చేసేద్దామంది. సోమవారమే చెప్పుంటే కుడికన్ను దక్కేదా అని అడిగాను. చెప్పలేనంది. చుక్కలే వెయ్యకపోయి ఉంటే దక్కేది అంది.

ఇంట్లో వాళ్ళకి చెప్పొద్దని బతిమాలాను. నా ఫైల్లో రాసుకుంటాను, మీ ఇంట్లో చెప్పడం నా పని కాదంది. చివర్లో మీరేం చేస్తుంటారని అడిగింది. చెప్పాను. శుక్రవారం తీసుకురండి అని ఫోన్ పెట్టేసింది.

ఇంటికెళ్ళి, డాక్టరుతో మాట్లాడాను, ఎడమకన్ను బాగానే ఉంటుందట అని మాత్రం చెప్పాను. పట్టుబట్టి కనుక్కున్నారు, మీరు కనక వాడు బతికాడని మా ఆవిడ మెచ్చుకుంది. తల కొట్టేసినట్టయింది.

జూలై 7

బతికాడు. కుడివైపు వెంట్రుకలు గీసేసి, నీలం దారంతో నాలుగు కుట్లు. మత్తు దిగుతుంటే నా చొక్కా గుండీ కొరికాడు.

జూలై 10

ఇలాంటి ప్రాణి పొట్ట ఖాళీగా ఉంచకూడదట. మూడు గంటలకోసారి మెత్తగా కలిపిన తిండి సిరంజితో నోట్లో పెట్టాలి. నేనూ మా ఆవిడా వంతులు వేసుకుంటున్నాం. నాకు సగం వాడి నోట్లోకి, సగం నా మోచేతి మీదకి.

అత్తయ్యగారు వాణ్ణి ముట్టుకోవడం లేదు. క్లినిక్ నుంచి వచ్చిన రోజు నుంచీ ఇంతే. చేతులు వణుకుతున్నాయి, మీరే పెట్టండని గుమ్మంలోనే నిలబడతారు. వాడు ఆవిడ అడుగుల చప్పుడు పోల్చుకుని కూతపెడతాడు. ఆవిడ అక్కడే ఆగిపోతారు. క్యాప్సికం సన్నగా తరిగి పాపకిచ్చి పంపిస్తారు. గడ్డి సంచి ఎవరికో ఇచ్చేశారట. నా చేతులు మంచివి కావే అని మా ఆవిడతో అన్నారట.

ఆపరేషన్ అయిపోయింది, ఇక చెప్పినా చెప్పకపోయినా వాడికి ఒరిగేదేముంది అని మూడు రోజులుగా నాకు నేను నచ్చచెప్పుకుంటున్నాను. ఒరిగేది వాడికి కాదు.

జూలై 13

చెబుదామని వెళ్ళి, టీవీ సౌండు తగ్గించమని చెప్పి వచ్చాను.

జూలై 16, ఆదివారం

చెప్పాను. మా ఆవిడా పాపా బయటికెళ్ళారు. అత్తయ్యగారు కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతున్నారు. ఎదురుగా కూర్చుని తేదీలతో సహా మొత్తం చెప్పేశాను. గడ్డి కాదు, మీ చేతులూ కాదు, మీ పాతచుక్కలు నేను దొంగతనంగా వేశాను అన్నాను.

ఆవిడ చేతిలో పాప గౌను అలాగే ఉండిపోయింది. మీరు వేస్తున్నారని నాకు తెలుసు బాబూ అన్నారు.

రెండోరోజే చూశారట. బాత్రూంలోంచి వచ్చేటప్పుడు నా జేబులో సీసా కనిపించిందట. తనకి ఆ చుక్కలు పూటకొకటి చొప్పున మూడుపూటలా వెయ్యమన్నారు కదా, మీరు మధ్యాహ్నం ఇంట్లో ఉండరు కదా అని, ఆ మధ్యాహ్నం చుక్క తను వేశారట. రోజూ. మీకు శ్రమ తప్పుతుందనుకున్నానన్నారు. కన్ను పాడయ్యేసరికి, మీరు లెక్కప్రకారం వేస్తున్న మందుని నేను అడ్డగోలుగా ఎక్కువ చేసి వాడి కన్ను పోగొట్టానని కుమిలిపోయారట.

మరి డాక్టరు ముందు గడ్డి అని ఎందుకన్నారని అడిగాను.

మీరు చుక్కలు వెయ్యలేదన్నారు కదా, నేను చేసిన పని కనిపెట్టి, నలుగురిలో నా పరువు పోకూడదని నాకోసం అబద్ధమాడారనుకున్నాను, మిమ్మల్ని అబద్ధాలకోరుని ఎలా చెయ్యను అన్నారు. ఈ పదమూడు రోజులూ ఆవిడ నన్ను గొప్పవాడనుకుంటూ గడిపారు.

లేదండీ, నన్ను నేను కాపాడుకున్నాను అన్నాను. అసలు ఆ మందే తప్పు, ఒక్క చుక్క కూడా వెయ్యకూడనిది అన్నాను. అది వెయ్యకూడదని నాకు తెలుసు అని కూడా అన్నాను. ఇవన్నీ చెప్పేటప్పుడు నా గొంతు షాపులో మాట్లాడినట్టే ఉంది. అసహ్యమేసింది.

ఆవిడ గౌను మడతపెట్టారు. ఇంకొకటి తీసి అదీ మడతపెట్టారు. తర్వాత గూటి దగ్గరికి వెళ్ళి వాణ్ణి ఎత్తుకున్నారు. వాడు ఆవిడ మోచేతి మడతలోకి తల దూర్చేశాడు. నావైపు తిరక్కుండానే, మీకు తెలుసనుకున్నాను బాబూ అన్నారు.

ఆగస్టు 20

అత్తయ్యగారు ఈ రోజు కొత్త కళ్ళజోడు పెట్టుకుని వచ్చారు. మా షాపుది కాదు. బాగా కనిపిస్తోందన్నారు.