లిఫ్టు లేని దేశం

అన్నయ్యా,

మీ ట్రావెల్స్ ఆఫీసు నుంచి పంపిన కాగితాలన్నీ చూశాం. పెళ్లై పాతికేళ్లకి చేస్తున్న ఒకే ఒక్క విదేశీ ప్రయాణం, ఖర్చుకి వెనకాడొద్దన్నారు మీ బావగారు. నేను మాత్రం లిఫ్టు లేని చోటే కావాలన్నాను.

నవ్వకు. లిఫ్టులు బాగుచేసే మనిషితో కాపురం నీకేం తెలుసు? పెళ్లైన కొత్తలో కొండల మీదికి వెళ్లామా, హోటల్ లిఫ్టు కిర్రుమంటోందని "రెండు నిమిషాల్లో వస్తా" అని వెళ్లారు. రెండు రోజులూ కొండల్ని నేనొక్కదాన్నే చూశాను. హోటల్ వాళ్లందరూ ఆయనతో ఫొటో దిగారు. మేమిద్దరం దిగింది ఒక్కటీ లేదు.

అందుకే నువ్వు చెప్పిన గుడిసెల దీవికి సరేనన్నాను. ఆయనా సరేనన్నారు. అప్పట్నుంచీ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. నిన్న మా మెట్ల దగ్గర నిలబడి, "మెట్లు కూడా మంచివేలే" అని తనకి తనే చెప్పుకుంటున్నారు. నా ప్రాణం ఉసూరుమంది.

దీవి వద్దు. ఆ పాత లైట్‌హౌస్ హోటల్ కాగితం అడుగున "లిఫ్టు తరచూ ఆగిపోతుంది, మన్నించండి" అని చిన్న అక్షరాల్లో ఉంది చూడు, అదే ఖాయం చెయ్యి. ఈసారి స్పానర్లు అందిస్తూ పక్కనే కూర్చుంటాను.

ఆయనతో మాత్రం అక్కడ లిఫ్టు లేదనే చెప్పు. వెళ్లాక ఫోన్ చేసి నిన్ను నానా తిట్లూ తిడతాను. ఏమీ అనుకోకు.

నీ చెల్లెలు