రెండు ముక్కల తెరచాప

రైసూత్ రేవు, జూన్ 1975

పెద్దులు బావా, దండాలు!

జవాబు రాయనీకి ఆలస్యమైంది, కోపం చెయ్యకు. ఎందుకైందో చెప్త, ఇను.

లడాయిల పెద్ద జహాజు మీద లుకౌట్ డ్యూటీ చేసిన ముచ్చట్లు నువ్వు చెప్తుంటే నేను నవ్వేటోణ్ని గద. ఇగ నవ్వను. మా తుక్కు దుకాణానికి ఒక పాత జహాజు కొంటే అండ్ల ఒక పొడుగు గొట్టం ఒచ్చింది, రెండు కొసలకు అద్దాలు. నువ్వు చెప్పిన దూరం కొలిచే దుర్బినే! అండ్ల పడవ రెండు ముక్కలుగ కనిపిస్తది. చక్రం తిప్పి ముక్కలు కలిపితే ఎంత దూరమో తెలుస్తది.

మొన్న గాలివానల మా పార్ట్‌నర్ అజ్మత్ ఎక్కిన సరుకు పడవ రాలే. అందరం గుట్టెక్కినం. నీ లెక్కనే, చూడనీకి సముద్రాన్ని తలా ఒక వాటా పంచిన. మా పక్కదుకాణం ఖమరుద్దీన్ "అగో!" అని ఒర్లిండు. అందరు అటే తిరిగిన్రు. "పక్కోడు ఒర్లినా నీ వాటా ఇడవకు" అన్నవ్ గద, నేను తిరగలే. ఆయన చూసింది ఉత్త నురగ. తెరచాప నా వాటాలనే ఉండె!

మాతోని గుట్టెక్కిన లాంచీ డ్రైవరు "దూరమైతే పోను, మళ్ల తిరిగి రాలేం" అన్నడు. దుర్బిని చక్రం తిప్పిన. ముక్కలు కలిసినయ్. "మూడు మైళ్లే, పో భాయ్!" అన్న. లాంచీ ఉరికించి అజ్మత్‌ను ఎత్తుకొచ్చిండు.

ఇప్పుడు అజ్మత్ నా పక్కన కూసోని చాయ్ తాగుతుండు. "మీ బావను పిలుస్తవా, నన్నే పోయి ఎత్తుకరమ్మంటవా?" అని పానం తీస్తుండు. గొట్టం ఎవలకూ అమ్మలే, నీ కోసమే ఉంచిన. వీసా సంగతి నేను చూసుకుంట. ఎప్పుడొస్తవ్ బావా?