ల కింద ట ఒత్తు

12వ తేదీ, మంగళవారం
ఇంటి దగ్గర నుంచి

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య దీవిస్తూ రాసే సంగతులు.

ముందుగా, నా రాత చూసి చిరాకుపడకు. ముప్పై ఏళ్ళు డ్రిల్లు పట్టిన చెయ్యి. పెన్ను పట్టుకున్నా గోడకు కన్నం వేస్తున్నట్టే వణుకుతుంది. చదువు నాలుగో తరగతితో ఆగింది. తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఇక్కడ మీ అత్తయ్య బాగుంది. నేనూ బాగున్నానని రాయాలి. కానీ నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు.

ఎదురుగా వచ్చి చెప్పొచ్చు కదా అంటావు. నలుగురిలో నాకు నోరు పెగలదని నీకు తెలుసు. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నా మామయ్యా అని పెట్టేస్తావు. అందుకని రాసి మీ అత్తయ్య చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు చదివేదాకా మీ గుమ్మం కదలొద్దని చెప్పాను. ఆవిడ కూర్చుందంటే ఎలా కూర్చుంటుందో నీకు చెప్పక్కర్లేదు.

నేను పని మానేశాను. పోయిన శుక్రవారం నాడు పెయింట్ డబ్బా, కుంచె స్టోరులో అప్పగించేశాను. నువ్వు ఇప్పించిన పని కాబట్టి నీకు చెప్పాలి. చెప్పకుండా మానేసినందుకు కోపం పెట్టుకోకు.

చెయ్యి వణికేవాడికి కూర్చోబెట్టి తిండి పెట్టే పని అన్నావు ఆ రోజు. బోల్టు బిగించాక, ఇన్‌స్పెక్టరు సరిచూశాక, దాని మీద పసుపు రంగు బొట్టు పెట్టాలి. అంతే పని. బొట్టు ఉంటే సరిచూసినట్టు. అందరూ నన్ను బొట్టు తాత అనేవాళ్ళు. మా ముఖాన కూడా ఒకటి పెట్టు తాతా, మేమూ తనిఖీ పాసవుతాం అని వెల్డర్లు ఎగతాళి చేసేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది. పంపు గది గురించి నువ్వే చెప్పావు కదా. ఆ గోడల మీది ఇనుప ప్లేట్లే నీళ్ళ గొట్టాన్ని మోస్తాయి, ఆ నీళ్ళే అణు రియాక్టరు లోపలి వేడిని చల్లార్చాలి, భూమి కదిలినా ఆ గొట్టం ఊడకూడదు, ఊడితే మనం ఎంత దూరం పరుగెత్తినా చాలదు మామయ్యా అన్నావు. అప్పట్నుంచీ ఒక్కో బొట్టూ జాగ్రత్తగా పెట్టేవాణ్ణి.

పోయిన నెలలో టూల్ గది వెనక గ్రైండరు చప్పుడు విని వెళ్ళాను. మా మేస్త్రీ ఉన్నాడక్కడ. పేరు చెప్పను, పళ్ళపుల్ల అంటే నీకు అర్థమవుతుంది. నోట్లో ఎప్పుడూ పుల్ల ఉంటుంది. దానితోనే పళ్ళు కుట్టుకుంటాడు, దానితోనే బోల్టు చూపిస్తాడు, దాన్నే చొక్కాకు తుడుచుకుని మళ్ళీ నోట్లో పెట్టుకుంటాడు. కాళ్ళ దగ్గర రేకు డబ్బా. అందులో సగం దాకా బోల్టు తోకలు. చేపల కొట్టు దగ్గర కోసి పారేసిన తోకల్లాగా. ఏంటిది మేస్త్రీ అన్నాను. గోళ్ళు పెరిగితే కత్తిరించుకోమా తాతా, ఇదీ అంతే అన్నాడు. అని పుల్ల తీసి నవ్వాడు.

నేను కన్నాలు వేసిన మనిషిని. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. డ్రిల్లు లోపలికి పోతూ ఇనుప కమ్మీకి తగిలితే ఆపెయ్యాలి. ఇంజనీరును పిలవాలి. ఆయన లెక్క వేసి వేరే చోటు చూపిస్తాడు. దానికి ఒక పూట పోతుంది. ఒక పూట పోకూడదని వీళ్ళు తగిలిన చోటే ఆపి, ఆ లోతుకు సరిపడా బోల్టునే కోసేస్తున్నారు. పైన తల మీద పొడవు తెలిపే ముద్ర ఉంటుంది కదా, అది అలాగే ఉంటుంది. తల చూస్తే జానెడు బోల్టు. గోడ లోపల బెత్తెడు. జిగురు మందు పోసి, నట్టు బిగించి, పైన నా చేత బొట్టు పెట్టిస్తే దేవుడు కూడా కనిపెట్టలేడు. ఛీ.

ఒక్క ఇన్‌స్పెక్టరమ్మ కనిపెట్టింది. బోల్టు తల మీద ఆనిస్తే పొడవు చెప్పే చిన్న యంత్రం ఆవిడ దగ్గర ఉండేది. మూడుసార్లు రాసిచ్చింది. మూడోసారి తర్వాత యంత్రం రిపేరుకు వెళ్ళింది, ఆవిడ స్టోరుకు వెళ్ళింది. ఇప్పుడక్కడ చేతితొడుగుల జతలు కలుపుతూ కూర్చుంటోంది. డబ్బా అప్పగించడానికి వెళ్ళినప్పుడు చూశాను. ఎడమవన్నీ పంపారు తాతా, కుడివి పంపలేదు, అయినా నేనే కలపాలట అంది. నవ్వలేదు.

ఆవిడ కంటే ముందు నేను నీ దగ్గరికి వచ్చాను. గుర్తుందో లేదో. సైటులో మీ రేకు డబ్బా ఆఫీసులో చల్లటి గాలి కింద నిలబడ్డాను. బూట్లకు బురద ఉందని గుమ్మం దగ్గరే నిలబడ్డాను. చెప్పడానికి ఎంతసేపు పట్టిందో, నువ్వు విసుక్కోలేదు, అది నిజమే. కానీ తలెత్తలేదు. కంప్యూటరు చూస్తూనే, లెక్కలో మూడింతల బలం ఉంచుతారు మామయ్యా, కొన్ని పొట్టివైనా ఏం కాదు అన్నావు. నీకెందుకు, నువ్వు హాయిగా బొట్లు పెట్టుకో అన్నావు. టీ తెప్పించావు. తాగాను. బయటికొచ్చి, నువ్వన్నట్టే మళ్ళీ బొట్లు పెట్టుకున్నాను. ఈ మాట మీ అత్తయ్యకు కూడా చెప్పలేదు.

ఆ మూడింతలు భూకంపం రోజు కోసం దాచిన బలం అల్లుడూ. పళ్ళపుల్ల తొందర కోసం దాచింది కాదు. ఇంజనీరువి, ఇది నీకు చెప్పవలసినవాణ్ణి నేనా?

ఇక పోయిన గురువారం సంగతి. పొద్దున్నే పళ్ళపుల్ల వచ్చి పంపు గది మొత్తానికి బొట్లు పెట్టెయ్యమన్నాడు. రెండు వందల పన్నెండు. ఇంకా ఎవరూ బిగించి చూడలేదు కదా అన్నాను. చూసినట్టే అనుకో అన్నాడు. పెట్టాను. ఇందులో నీ మీదా వాడి మీదా నెట్టేది లేదు. నా చేత్తో, నా కుంచెతో, మధ్యాహ్నం దాకా నిచ్చెన ఎక్కి దిగి రెండు వందల పన్నెండూ పెట్టాను. కుడి గోడ మీద తలుపు పక్కన రెండో ప్లేటు దగ్గర చెయ్యి ఆగిపోయింది. దానికి కన్నాలు వేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. నాలుగు కన్నాల్లోనూ కమ్మీ తగిలి నిప్పురవ్వలు రాలాయి. నాలుగూ బెత్తెడువే. వాటికీ పెట్టాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం ఏ సబ్బుకూ వదలడం లేదు. గోళ్ళ సందుల్లో ఆ పసుపు ఇంకా ఉంది.

ఆ తర్వాత కాగితం. బోల్టులు గోడలోకి దింపిన పనివాళ్ళు వేరే సైటుకు వెళ్ళిపోయారు, పాత డ్రిల్లు పనివాడి సర్టిఫికెట్ తాతకు ఉంది, తాత రాసిస్తే చాలు అన్నాడు పళ్ళపుల్ల. నువ్వు పక్కనే ఉన్నావు. పంపు గదిలో 212 బోల్టులు నా చేత్తో పెట్టాను అని రాయమన్నాడు. నేను కూడబలుక్కుంటూ రాశాను. వాడు చదివి పుల్ల కింద పడేలా నవ్వాడు. బోల్టులకు బదులు బొట్టులు అని రాశాడు చూడండి సార్ అన్నాడు. నువ్వు తొంగి చూశావు. నువ్వూ నవ్వావు. మా మామయ్య చదువు అంతేలే, అర్థం తెలుస్తోందిగా అన్నావు. అని కింద నీ సంతకం పెట్టావు. నా వంతు నకలు, గులాబీ కాగితం చింపి నా జేబులో నువ్వే పెట్టావు.

నవ్వినందుకు నాకు బాధ లేదు. నన్ను చూసి చాలామంది నవ్వారు. కానీ నువ్వు పలకా బలపం పట్టుకుని మా అరుగు మీద కూర్చుని, నీ ఎనిమిదో ఏట నాకు ఒత్తులు నేర్పినవాడివి. తప్పు రాస్తే నా వేళ్ళ మీద బలపంతో కొట్టేవాడివి. మీ అమ్మ, అదే మా చెల్లెలు, కనిపించినవాళ్ళందరికీ మా వాడు సంతకం పెడితే గానీ గోడ లేవదు అని చెప్పుకుంటుంది. అది వింటుంటే ఇప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు.

ఈ వచ్చే శుక్రవారం ఆ ప్లేట్ల చుట్టూ సిమెంటు కూరేస్తారట. శనివారం తనిఖీవాళ్ళు వచ్చేసరికి చూడ్డానికి ఏమీ మిగలదు. ఏదైనా చేయాలంటే ఈలోపే చేయాలి. నువ్వు ఒక్క పని చెయ్యి. ఆ రెండో ప్లేటు బోల్టు ఒక్కటి అందరి ముందూ లాగించు. కదిలే పన్నులా వచ్చేస్తుంది. వచ్చాక పని ఆపమని నువ్వే రాయి. ఉద్యోగం పోతుందేమో. చేతితొడుగులు కలపమంటారేమో. ఇద్దరూ కూర్చుని కలపండి, కుడివి నువ్వు, ఎడమవి ఆవిడ. ఆ గొట్టం కింద పనిచేయబోయేవాళ్ళ ముఖాలు ఒక్కసారి తలుచుకో. వాళ్ళు ఆ పసుపు బొట్టు చూసి ధైర్యంగా నిలబడతారు.

ఇంత పెద్ద ఉత్తరం నా జన్మలో రాయలేదు. వేళ్ళు నొప్పి పుడుతున్నాయి. మీ ఆవిడను అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మామయ్య

తా.క. ఒక మాట దాచాను. ఆ కాగితం మీద రాసింది తప్పు కాదు. బోల్టు రాయడం నాకు వచ్చు. ల కింద ట ఒత్తు మామయ్యా, ట కింద ట కాదు అని నువ్వే వేళ్ళ మీద కొట్టి నేర్పావు. ఈ ఉత్తరంలో ఎన్నిసార్లు రాశానో చూడు, ఎక్కడైనా తప్పిందా? నేను పెట్టింది బొట్లే కాబట్టి బొట్టులనే రాశాను. నేర్పినవాడివి, నువ్వైనా ఆగి చూస్తావనుకున్నాను. ఆ నిజం కింద నీ సంతకం ఉంది.

నా గులాబీ కాగితం, ఆ రేకు డబ్బాలోంచి తీసిన మూడు బోల్టు తోకలు నిన్న తనిఖీ ఆఫీసుకు తీసుకెళ్ళాను. నోరు పెగల్లేదు. తోకలూ కాగితమూ బల్ల మీద పెట్టాను. ఆ పెద్దమనిషి కాగితం రెండుసార్లు చదివాడు, నవ్వలేదు. శనివారం దాకా ఆగరట, ఎల్లుండి పొద్దున్నే వస్తున్నారు. బొట్లు పెట్టింది నేనేనని నా పేరు రాయించి వచ్చాను. నీ గురించి అడిగితే, మా మేనల్లుడు తనే వచ్చి చెప్తాడు అన్నాను. రేపు ఒక్క రోజు నీది.

మీ అత్తయ్య గుమ్మంలోనే ఉంటుంది. జవాబు తొందరగా రాసి ఆవిడ చేతికియ్యి. రెండు ముక్కలు చాలు. ఒత్తులు చూసుకుని రాయి.