మిషన్ చెప్పింది, మీ నాయన చెప్పింది

కృపామణికి అమ్మ దీవెనలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం అని రాయడం వాడుక కదా, ఈసారి ఆ మాట నిజమయ్యాకే రాస్తున్నాను. శ్రీ సిటీలో నీ దగ్గు తగ్గిందా? ఫోన్లో అయితే సగంలోనే అడ్డం పడతావు, అందుకే కాగితం పట్టుకున్నాను.

నువ్వు కొనిచ్చిన షుగరు మిషన్ చెడిపోయిందా, మీ నాయనకు ఇంట్లో మూడొందలు, ల్యాబులో అందులో సగం ఎందుకు అని అడిగావు. మిషన్ బాగానే ఉంది. అది వేలి కొన నెత్తురు చూస్తుంది, ల్యాబువాళ్లు మోచేతి దగ్గర నరం నుంచి తీస్తారు. పది పదిహేను తేడా మామూలేనంట. మనకు నూటయాభై తేడా వస్తోంది. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా చేయించాం, అది ఏడు లోపే వచ్చింది. రోజూ మూడొందలుండే మనిషికి అట్లా రాదన్నాడు డాక్టరు.

అప్పుడు ఆస్పత్రిలో నర్సమ్మ, "నీ మిషన్‌తో నువ్వే సెయ్యమ్మా, ఎట్ల జేస్తావో సూస్తా" అనింది. నేను పల్ప్ ఫ్యాక్టరీలో పని దిగి అట్లే పోయి ఉన్నాను. మీ నాయన వేలు నా కొంగుతో తుడిచి, ఒత్తిపట్టి గుచ్చాను. రెండొందల తొంభై ఆరు. ఆమె ఆయన చేయి సబ్బుతో కడిగించి ఇంకో వేలికి గుచ్చింది. నూటముప్పై ఎనిమిది.

"పొద్దస్తమానం మామిడిపండ్లు కోసిన సేతులు గదమ్మా. ఆ తీపంతా ఆయన వేలికి అంటిచ్చి కొలస్తా ఉండావు."

ఇంక దాచేది లేదు. ఆస్పత్రికి ఊరకే పోలేదు. ఆ మూడొందలు చూసి, డాక్టర్ని అడక్కుండా నేనే ఇన్సులిన్ ఆరు యూనిట్లు పెంచాను. ఐదో రోజు చర్చిలో మీ నాయనకు చెమటలు కారి, వణికిపోతూ బెంచీ మీద వాలిపోయాడు. పక్క బెంచీలో ఉన్న టీచరమ్మ చక్కెర నీళ్లు తాగించింది. నా చేత్తో నేనే మనిషిని పోగొట్టుకునేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

దొంగతనంగా పండ్లు తింటున్నాడని రెండు వారాలు సాధించాను. నువ్వూ ఫోన్లో ఆయన్ని అబద్ధాలు చెప్పొద్దన్నావు. ఇంటికొచ్చి తప్పయిందని ఒప్పుకున్నాను. "ఈ సీజన్లో ఒక్క తునక ముట్టలేదు మే. సెప్పినా గదా" అన్నాడు, అంతే. డాక్టరు కొంచెం తినొచ్చన్నాడని రెండు తునకలు కోసి పెట్టాను. "వద్దులే, మళ్లా ఎవురికి సెప్పుకునేది" అని పళ్లెం నా వైపు జరిపాడు.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు షుగరెంత అని అడగొద్దు. ఏం తిన్నావు నాయనా అని అడుగు. ఆయన ఏం చెబితే అది నమ్ము.

ఇట్లు,
మీ అమ్మ ఆనందమ్మ,
బంగారుపాళ్యం