అంచు దాకా వచ్చిన పగులు

చిరంజీవి తమ్ముడిని దీవించి అక్క రాస్తున్న సంగతులు.

అమ్మ, నేను బాగున్నాం. మీరిద్దరూ బాగున్నారనే అనుకోవాలని ఉంది. కానీ నీ ఉత్తరం రెండో పేజీ చదివాక అలా అనుకోవడం నా వల్ల కాలేదు. దాని దగ్గరికి వస్తాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు.

అమ్మ మోకాలు ఫర్వాలేదు. మెట్లు దిగేటప్పుడే కాస్త ఇబ్బంది. కొత్త కళ్ళజోడు వచ్చాక మాత్రం ఆవిణ్ణి పట్టడం కష్టంగా ఉంది. "ఇన్నాళ్ళూ ఇంత దుమ్ములోనా మనం బతికింది?" అంటూ ఇంట్లో మూలమూలా నాచేత తుడిపించింది. తర్వాత నావైపు తిరిగి, "నీ తలేంటే ఇలా నెరిసిపోయింది! నాకెవరూ చెప్పలేదే!" అంది.

మీ ఆఫీసు క్యాషియరు గారు కూతురికి వజ్రాల కమ్మలు కొంటున్నారని, మంచి రాయిని ఎలా పోల్చుకోవాలో రాయమన్నావు. ఆయనకు ఇలా చెప్పు. షాపు దీపాల కింద ఏ రాయైనా మెరుస్తుంది, ఆ దీపాలు పెట్టేదే అందుకు. రాయిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మామూలు వెలుతురులో చూడమను. అక్కడ కూడా మెరిస్తే కోత బాగున్నట్టు. కోత బాగాలేని రాయి ఎంత పెద్దదైనా నడుమ మసకగా, నిద్రమొహంతో ఉంటుంది. పొదగని రాయిని తెల్ల కాగితం మీద బోర్లించి పక్కనుంచి చూస్తే పసుపు ఛాయ ఉందో లేదో తెలిసిపోతుంది. బరువు చివర్లో అడగమను. షాపుల్లో అమ్మే మేం మొదట చెప్పేది అదే, ఎందుకంటే అది వింటే జనం మిగతావి మర్చిపోతారు.

భూతద్దం అడిగి తీసుకుని తన కళ్ళతోనే చూడమను. ఏ మచ్చా లేని రాయి మనబోటివాళ్ళకు అందదు. లోపలెక్కడో చిన్న చుక్క ఉంటే నష్టం లేదు. కానీ వెంట్రుకలాంటి పగులు అంచు దాకా వచ్చి ఉంటే ఆ రాయి వద్దు. ఏదో ఒకరోజు చిన్న దెబ్బకే పెచ్చు లేస్తుంది. పరీక్ష చేసినవాళ్ళు ఇచ్చే సర్టిఫికెట్టులో రాయి బొమ్మ గీసి, లోపలి లోపాలు ఎర్రగా చూపిస్తారు. ఆ కాగితం చేతికివ్వకపోతే లేచి వచ్చెయ్యమను.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. నువ్వు నా దగ్గర ఉంగరం కొన్ననాడు ఇందులో ఒక్కటి కూడా నేను నీకు చెప్పలేదు మరి.

"నీ మరదలు గిన్నెలు తోముతూ ఉంగరం దేనికో తగిలించింది, రాయి పెచ్చు లేచింది. గట్టిగా కేకలేశాను. అప్పట్నుంచి సరిగ్గా తినడం లేదు, చెయ్యి కొంగులో దాచుకుని తిరుగుతోంది" అని రాశావు. వజ్రం పగలదన్నావు కదక్కా అని అడిగావు. ఫోను చేసి చెప్పొచ్చు. కానీ మధ్యలో నువ్వు "పర్లేదులే అక్కా" అనేస్తావు. ఆ మాట అనే వీలు నీకు ఇవ్వకూడదనే రాస్తున్నాను.

తమ్ముడూ, ఆ పగులు నువ్వు కొన్ననాడే ఉంది. నేను చూశాను.

అప్పటికి రెండేళ్ళుగా ఆ రాయి ట్రేలోంచి కదల్లేదు. మా ఓనరు గారు అందరినీ పిలిచి, "ఈ నెలలో దీన్ని సాగనంపినవాళ్ళే కౌంటరు ఇన్‌చార్జి" అన్నారు. పదకొండేళ్ళపాటు నుంచునే అమ్మాను. నా తర్వాత వచ్చిన ఇద్దరు నా కళ్ళముందే ఆ ఇన్‌చార్జి కుర్చీలో కూర్చున్నారు. సరిగ్గా ఆ వారమే నువ్వు వచ్చావు. పెళ్ళై ఏడాది నిండుతోందని, ఆమెకు చెప్పకుండా కొనాలని మొహం వెలిగిపోతూ వచ్చావు.

భూతద్దం నీకు అందించాను, గుర్తుందా? "నాకేం తెలుస్తుందక్కా? నువ్వు చూశావుగా, చాలు" అన్నావు. నేను నవ్వి దాన్ని సొరుగులో పెట్టేశాను. పొదిగే మేస్త్రికి చెప్పి, రాయిని పట్టి ఉంచే బంగారు కొక్కెం సరిగ్గా ఆ పగులు మీదకు వచ్చేలా వంచమన్నాను. ఆయన ఒక్కసారి నా మొహంలోకి చూసి, అలాగే వంచాడు. సర్టిఫికెట్టు షాపులో భద్రంగా ఉంటుందని నీతో అన్నాను. మర్నాడు మరదలు ఫోను చేసి, "వదినా, పని చేసేటప్పుడు తియ్యాలా?" అని అడిగింది. "అక్కర్లేదమ్మా, వజ్రానికి ఏం కాదు" అన్నాను. ఆ పిల్ల నా మాట విన్నది, అంతే. ఆమె చేసిన తప్పు అదొక్కటే.

ఏడాదిగా ఆ కుర్చీలో కూర్చుంటున్నాను. మొదటి నెల సుఖంగానే ఉంది, అబద్ధం ఎందుకు. నీ ఉత్తరం చదివాక మాత్రం కూర్చోలేకపోయాను.

నిన్న ఓనరు గారి గదికి వెళ్ళి అంతా చెప్పాను. రాయి మార్చి ఇద్దామన్నాను. ఆయన ఒక కాగితం నావైపు జరిపారు. "తెలిసే అమ్మానని రాసివ్వు, మారుస్తాను. కానీ అది రాశాక నిన్ను మళ్ళీ కౌంటర్లో నిలబెట్టలేను" అన్నారు. సాగనంపమన్నది తమరే కదా అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పగులు చూపించకుండా అమ్మమని ఆయన అనలేదు. అక్కడే నిలబడి రాసిచ్చాను. రేపట్నుంచి వెనక గదిలో పెట్టెలకు చీటీలు అంటించే పని. అమ్మకింకా చెప్పలేదు, ఈ ఉత్తరం పోస్టు చేసి వచ్చాక చెబుతాను.

సర్టిఫికెట్టు ఇందులోనే పెట్టాను. బొమ్మలో ఎర్రగీత ఉన్నచోటే పెచ్చు లేచి ఉంటుంది. దాన్ని ముందు మరదలికి చూపించు. ఈ ఉత్తరం నువ్వే పైకి చదివి వినిపించు. నా మాటల్ని ఎక్కడా మెత్తగా చెయ్యొద్దు. చదివాక, కేకలేసినందుకు ఆమెను నువ్వు క్షమాపణ అడుగు. నా సంగతి తర్వాత చూద్దువుగాని.

మీకు వీలైనప్పుడు ఇద్దరూ షాపుకి రండి. కౌంటర్లో వేరే అమ్మాయి ఉంటుంది. నేను బయటికి రాను. రాయి మరదలే ఎంచుకోవాలి. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎంతసేపు పట్టినా సరే, ఆమెనే చూడనివ్వు.

ఇట్లు,
తెలిసే తప్పు చేసిన మీ అక్క