సున్నాల బరువు

మంగళవారం రాత్రి, వడోద్

గెలిచాను! ఇంకెవరికి చెప్పాలో తెలియక ఇక్కడ రాసుకుంటున్నాను.

మిల్లులో రంగు వేసిన గుడ్డను ఆరబెట్టేటప్పుడు దాని మీద వేడి ఎలా పరుచుకుంటుందో లెక్కగట్టే నా ప్రాజెక్టు ఎట్టకేలకు కదిలింది. ముందు ఒక అంచనా వేసుకుని, రౌండు రౌండుకూ దాన్ని దిద్దుకుంటూ పోయే పద్ధతి నాది. ఇన్నాళ్లూ ఎన్ని రౌండ్లు పడతాయన్నదే చూశాను. ఒక్కో రౌండుకు ఎంత పని పడుతుందో చూడనే లేదు. గుడ్డను గళ్లుగా విడగొడితే, ప్రతి గడికీ పక్కనున్న నాలుగు గళ్లతోనే సంబంధం. సమీకరణాల్లో మిగతా గళ్ల గుణకాలన్నీ సున్నాలే. నా ప్రోగ్రామ్ ఆ సున్నాలన్నిటినీ ప్రతి రౌండులోనూ బుద్ధిగా గుణించుకుంటూ కూర్చుంది!

సాయంత్రం సున్నాలను వదిలేసి ఇంట్లో కంప్యూటర్ మీద నడిపాను. రౌండ్లు అన్నే పట్టాయి, కానీ ఒక్కోటీ ఎంత తేలికో! పాండేసర మిల్లు నుంచి డ్యూటీ దిగి వచ్చిన బాపు చాయ్ చల్లారకముందే జవాబు వచ్చేసింది.

"ఏందే, గప్పుడే అయిపోయిందా? రాత్రంత గుర్రుమంటుండె గద గీ డబ్బ!" అన్నాడు బాపు.

లెక్క తొందరగా తేలడానికి గుడ్డ కొలత తగ్గించుకొమ్మని కాలేజీలో మా ప్రాజెక్టు చూసే మేడం అన్నారు. తగ్గించను. రేపు పూర్తి గుడ్డ లెక్కతోనే ఆవిడ దగ్గరికి వెళ్తాను. అయినా, గళ్లు ఇంకా చిన్నవి చేస్తే రౌండ్లు కూడా పెరుగుతాయి కదా, అప్పుడు...

"జర మల్లొక్కపారి నడిపియ్యి బిడ్డా, సూస్త" అన్నాడు బాపు, ఇది రాస్తున్న నన్ను ఆపి.

నిన్నటిదాకా ఒక్కసారి నడపాలంటేనే హడలిపోయేదాన్ని. ఇవాళ బాపు ముచ్చట తీరేదాకా నడుపుతూనే ఉన్నాను.