నిప్పు తేనని ప్రమాణం

రాస్ తనూరా

గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు చూసే చరిత గారికి బాబావలి సలాములు.

మాది ప్రొద్దుటూరు. ఇక్కడ గల్ఫులో, చమురు శుద్ధి కర్మాగారంలో ఒక కాంట్రాక్టరు దగ్గర పంతొమ్మిదేళ్ళుగా సేఫ్టీ ఆఫీసరును. విలాయతులో నాలుగు వందల ఏళ్ళ మీ యూనివర్సిటీ లైబ్రరీ జాబితాలో "గుర్రాల వైద్యం, తెలుగు చేతిరాత, రాసినవాడు లాడాల హుసేను, కడప" అని చూశాను. ఆయన మా అమ్మకు ముత్తాత. ఆ పుస్తకాన్ని ఏ దొరో పట్టుకుపోయాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. అమ్మ కరీమున్నీసా నా దగ్గరే ఉంది, ఎనభై ఒక్కేళ్ళు. "ఆ చేతిరాత ఒక్కతూరి కండ్లారా చూడాలని ఉండాదిరా" అంటోంది. ఫొటోలు పంపగలరా?

ఇట్లు,
బాబావలి

తా.క.: హుసేను తాతకు రాయడం వచ్చని మా మామగారి వైపు వాళ్ళు ఒప్పుకోవడం లేదు. గుర్రం డెక్కతో ముద్ర వేయించి ఉంటాడంటున్నారు.

---

బాబావలి గారికి నమస్కారం.

ఆ పుస్తకం కాగితం అప్పడంలా ఉంది. కెమెరా కింద బల్లపరుపుగా పరిస్తే విరిగిపోతుంది. మీరే వచ్చి చూడాలి. ఇక్కడ తాళపత్రాలున్నాయి, గొలుసులతో బల్లలకు కట్టేసిన లాటిన్ గ్రంథాలున్నాయి. కానీ మా వాళ్ళ గర్వమంతా ఒక్కటే: కరెంటు వచ్చేదాకా ఈ భవనంలోకి దీపమైనా రానివ్వలేదు. పొద్దు గూకితే మహాపండితులైనా బయటికే. అందుకే ప్రతి పాఠకుడూ "లోపలికి నిప్పు తేను, మంట వెలిగించను" అని ప్రమాణపత్రం మీద సంతకం చేయాలి. జతపరిచాను.

ఉంటాను,
చరిత

తా.క.: దాన్ని పైకి చదవాలి కూడా. నేను మధ్యలో నవ్వాను. మళ్ళీ మొదటినుంచి చదివించారు.

---

చరిత గారికి సలాములు.

సంతకం చేశాను. కానీ పర్మిట్ అనేది ఇలాగేనా రాసేది? నంబరు లేదు, గడువు లేదు, ఫైర్ వాచ్ ఎవరో లేదు. నిప్పు పని జరిగేచోట కన్నార్పకుండా కాపలా ఉండే మనిషి పేరు రాయందే మా దగ్గర అగ్గిపుల్ల గీయనివ్వరు. నమూనాకు మా హాట్ వర్క్ పర్మిట్ ఒకటి నింపి పంపుతున్నాను. పని: వెల్డింగ్. స్థలం: మీ చదువుల హాలు. ఫైర్ వాచ్: నేనే. ఆ హాలు ఫొటోలు మీ వెబ్‌సైటులో చూశాను. చెక్క పైకప్పు, ఒకటే తలుపు!

ఇట్లు,
బాబావలి

తా.క.: నిప్పంటుకుంటే మనుషులు పరుగెత్తుతారు. గొలుసులతో కట్టేసిన పుస్తకాల గతేమిటి?

---

బాబావలి గారికి,

మీ ఫారం కమిటీ ముందుకు వెళ్ళింది. చదువుల హాలులో వెల్డింగ్‌కు ఒక పాఠకుడు అనుమతి కోరడం మా చరిత్రలో ఇదే మొదటిసారట. తొమ్మిదిమంది ప్రొఫెసర్లు రెండు గంటలు చర్చించి ఏకగ్రీవంగా తిరస్కరించారు. అది నమూనా అని నేనెంత మొత్తుకున్నా "నింపి, సంతకం పెట్టి మరీ పంపాడు కదా" అంటున్నారు. మీ పాఠకుడి కార్డు ఆపేశారు. మీకు దండం పెడతాను, ఇంకే ఫారమూ పంపకండి.

చరిత

తా.క.: ఒక ప్రొఫెసరు మాత్రం మీరు ఏ పుస్తకాన్ని ఏ పుస్తకానికి అతకదలచుకున్నారని ఆసక్తిగా అడిగారు.

---

చరిత గారికి,

ఫారం పంపడం లేదు. ఆడిట్ రిపోర్టు పంపుతున్నాను. మీ ఫొటోల్లో కనిపించినంతలోనే ఇరవై మూడు లోపాలు. హాలుకు రెండో తలుపు కూడా దొరికింది. దాని ముందు మీ స్థాపకుడి పాలరాతి విగ్రహం నిలబడి ఉంది. మా పద్ధతి ప్రకారం ఒక కాపీ మీ ఊరి ఫైర్ స్టేషన్‌కు పంపాను.

అమ్మ నా మీద మండిపడింది. "పుస్తకం అడగమంటే ఇల్లు కూలగొడతాండావా?" అంది. నాకూ బాధగానే ఉంది. కానీ చూసి ఊరుకుంటే రేపు ఆ పుస్తకం ఎవరికీ మిగలదు.

బాబావలి

తా.క.: విగ్రహం చేతిలో కాగడా ఉంది. పాలరాతిదే అయినా రాసుకున్నాను.

---

బాబావలి గారికి,

ఫైర్ వాళ్ళు వచ్చారు. మీరు రాసినవన్నీ నిజమేనన్నారు. పాఠకులకు హాలు మూడేళ్ళపాటు మూసేశారు. మీ అమ్మగారి వయసు తలచుకుంటే నాకు ఏడుపొచ్చింది.

ఇక అసలు సంగతి. హాలు లోపల అత్యవసరానికి ఇనుప మెట్లు కట్టాలట. అంటే వెల్డింగ్! ఫైర్ వాచ్ లేనిదే కుదరదన్నారు. కమిటీ బీరువా వెతికి మీ ఫారం తీసింది. అన్నీ నింపే ఉన్నాయి. వచ్చే నెల ఒక్కరోజు పని, టికెట్టు మాదే. మీ ఫారం ప్రకారం పని ముగిశాక కూడా, మిగిలిన రవ్వ ఏదైనా రాజుకుంటుందేమోనని, ఫైర్ వాచ్ అరగంట అక్కడే ఉండాలి. ఆ అరగంట పుస్తకం మీ ముందు పెడతాను. సంతోషమేనా?

చరిత

తా.క.: ఈసారి పది నిమిషాలే పట్టింది. అతికే పుస్తకాల గురించి అడిగిన ఆయన మాత్రం నిరాశపడ్డారు.

---

చరిత గారికి సలాములు.

వస్తున్నాను. కానీ పుస్తకం నా ముందు పెట్టకండి. ఫైర్ వాచ్‌లో ఉన్నవాడు ఇంకే పనీ చేయకూడదు. ఫోను చూసుకున్నందుకు ముగ్గురిని ఇంటికి పంపినవాణ్ణి, నేనెలా చదువుతాను?

నా ఖర్చుతో అమ్మను తెస్తున్నాను. పక్కగదిలో ఆమె ముందు పెట్టండి. ఆమెకు చదవడం రాదు. ఒక్కొక్క అక్షరం చూపిస్తూ మీరే పైకి చదవండి, కాస్త గట్టిగా. నా కళ్ళు నిప్పురవ్వల మీద ఉంటాయి. వినకూడదని ఏ ఫారంలోనూ లేదు.

మీ
బాబావలి

తా.క.: హాలులో "నిశ్శబ్దం" అని బోర్డు చూశాను. ఆ అరగంటకు పర్మిట్ తీసి ఉంచండి.